బడి వదిలాక ఫీజు ఎంత? మా ఊరి పట్టిక మార్చడంలో నా అనుభవం

ఉద్యోగం కోసం జర్మనీ వచ్చిన మన కుటుంబాలకి పిల్లలు ఒకటో తరగతిలో చేరే ఏడాది ఇంటి లెక్క ఒక్కసారిగా మారిపోతుంది. మేముండే నార్త్ రైన్-వెస్ట్‌ఫేలియా రాష్ట్రంలో 2020 ఆగస్టు నుంచి, బడికి ముందు రెండేళ్ళు కిండర్‌గార్టెన్ ఫీజు కట్టక్కర్లేదు. ఆ రెండేళ్ళూ హాయిగా గడిచిపోతాయి. తీరా బడిలో వేశాక, ఒకటో తరగతి పిల్లల్ని పదకొండున్నరకో పన్నెండున్నరకో ఇంటికి పంపేస్తారు. ఇద్దరూ ఉద్యోగాలు చేసే ఇంట్లో అప్పటి నుంచి సాయంత్రం దాకా పిల్లని ఎవరు చూసుకోవాలి? ఇక్కడ పక్క వీధిలో అమ్మమ్మ ఉండదు కదా.

అందుకే ఓజీఎస్ అనే ఏర్పాటు ఉంది. ఈ రాష్ట్రంలో 2003లో మొదలైంది. ఆ బడి ఆవరణలోనే పిల్లలు మధ్యాహ్నం భోంచేస్తారు, హోంవర్క్ చేసుకుంటారు, మూడింటి దాకానో నాలుగింటి దాకానో ఆడుకుంటారు. రోజువారీ పని చాలాచోట్ల ఏదో ఒక సేవాసంస్థ చూసుకుంటుంది. ఫీజు ఎంతన్నది నిర్ణయించేదీ, వసూలు చేసేదీ మాత్రం నగర పాలక సంస్థే. తల్లిదండ్రుల ఆదాయాన్ని బట్టి స్లాబులు కట్టి, నగర కౌన్సిల్ ఒక పట్టిక ఆమోదిస్తుంది. నెలకి ఇంతకు మించి తీసుకోకూడదని రాష్ట్రం ఒక గరిష్ఠ పరిమితి పెట్టింది. అది ఏటా కొంచెం పెరుగుతూ ఇప్పుడు 200 యూరోలు దాటింది. ఆ పరిమితి కింద ఏ ఊరి పట్టిక ఆ ఊరిదే. ఒకే జీతం ఉన్న రెండు కుటుంబాలు, మధ్యలో ఒక ట్రామ్ లైను మాత్రమే ఉన్న రెండు ఊళ్ళలో వేరువేరు ఫీజులు కడుతుంటాయి. భోజనం డబ్బులు దీనికి అదనం.

మేము ఈ రాష్ట్రంలోనే, ఒకప్పుడు బొగ్గు గనులుండే రూర్ ప్రాంతంలో ఒక మాదిరి ఊళ్ళో ఉంటాం. మా ఆయన ఫుల్‌టైమ్, నేను ఒక కంపెనీలో పార్ట్‌టైమ్‌గా సాఫ్ట్‌వేర్ టెస్టింగ్ చేస్తాను. మా పెద్దమ్మాయి 2022లో బడిలో చేరింది. సీటు వచ్చిందని ఉత్తరం వచ్చిన కొద్దిరోజులకే నగరం నుంచి ఇంకో కవరు వచ్చింది. అందులో ఆదాయ ప్రకటన ఫారం ఉంది. తల్లికి ఒక వరుస, తండ్రికి ఒక వరుస. జీతం, అద్దెల మీద వచ్చేది, వ్యాపారం, విదేశాల్లో వచ్చే ఆదాయం, మినీజాబ్ అనే కొద్ది జీతపు చిన్న ఉద్యోగం, నిరుద్యోగ భృతి, పిల్ల పుట్టినప్పుడు తీసుకున్న ఎల్టర్‌గెల్డ్, అన్నిటికీ ఒక్కో గడి. చివర్లో సంతకం, దాని పైన ‘ఇందులో రాసింది నిజం, మార్పు ఉంటే వెంటనే తెలియజేస్తాను’ అన్న హామీ.

దీన్ని తొలిసారి నింపేవాళ్ళు ఎక్కువగా తడబడేది ‘ఆదాయం’ అన్నచోటే. చేతికొచ్చే జీతం ఎంతో ఇక్కడ ఎవరూ అడగరు. పన్నూ, ఆరోగ్య బీమా, పింఛను కోతలూ పోకముందు ఉన్న మొత్తం నుంచి ఉద్యోగపు ఖర్చులు మాత్రం తీసేస్తారు. ఏ రసీదులూ లేకపోయినా 2023 నుంచి ఒక్కొక్కరికి ఏడాదికి 1,230 యూరోలు తీసేయాలి, కొందరు ఆ సంగతి తెలియక మొత్తం జీతం రాసేస్తుంటారు. పిల్లలకిచ్చే కిండర్‌గెల్డ్‌ని లెక్కలోకి తీసుకోరు. భార్యాభర్తల్లో ఒకరికి వ్యాపారంలో నష్టం వస్తే, దాన్ని రెండోవాళ్ళ జీతంలోంచి తీసేయడానికి ఒప్పుకోరు. మా ఊళ్ళో భర్త ఉద్యోగం చేస్తూ భార్య కొత్తగా టిఫిన్ల వ్యాపారం పెట్టిన ఇల్లు ఒకటుంది. మొదటి ఏడాది ఆవిడకి నష్టమే మిగిలింది. ఆదాయపు పన్ను ఆఫీసు ఆ నష్టాన్ని ఒప్పుకుంది, ఫీజు వేసే ఆఫీసు ఒప్పుకోలేదు. అదే ఊరు, అదే ఏడాది, రెండు ఆఫీసులకి ఆ ఇంటి ఆదాయం రెండు రకాలు. ప్రభుత్వ ఉద్యోగులకి మాత్రం ఆదాయం మీద 10 శాతం కలుపుతారు, ఎందుకంటే వాళ్ళకి పింఛను బీమా కోత ఉండదు. ఆ నిబంధన నాకు సబబుగానే అనిపించింది. అంత సూక్ష్మంగా ఆలోచించినవాళ్ళు మిగతావాటి గురించి ఎందుకు ఆలోచించలేదా అని కూడా అనిపించింది.

ఫారం పంపాక ఉత్తర్వు వస్తుంది, దాన్ని బెషైడ్ అంటారు. మొదట వచ్చేది తాత్కాలికం. మనం చెప్పిన అంచనా మీద ఒక స్లాబు వేస్తారు. పన్ను లెక్క తేలి కాగితం చేతికొచ్చాక అసలు ఆదాయం చూసి మళ్ళీ లెక్కేస్తారు. ఎక్కువ కట్టి ఉంటే వెనక్కిస్తారు. తక్కువ కట్టి ఉంటే ఆ తేడా అంతా ఒక్కసారే కట్టమంటారు. ఒకటి రెండేళ్ళ తర్వాత వచ్చే ఈ ఉత్తరాలే మన కుటుంబాల్ని ఎక్కువగా భయపెడతాయి. మధ్యలో జీతం పెరిగిందనో, భార్యకి ఉద్యోగం వచ్చిందనో చెప్పాలని చాలామందికి తెలియదు. వేలల్లో బాకీ వచ్చిపడిన ఇళ్ళు నాకు తెలుసు. వాయిదాల్లో కడతామని రాసి అడిగితే సాధారణంగా ఒప్పుకుంటారు, కానీ అడగొచ్చని ఆ ఉత్తరంలో పెద్ద అక్షరాలతో ఉండదు. ఉత్తర్వు మీద అభ్యంతరం ఉంటే నెలలోపు చెప్పాలి. ఎవరికి, ఎలా చెప్పాలో చివరి పేజీ అడుగున చిన్న అక్షరాల్లో ఉంటుంది. దయచేసి ఆ పేజీ చదవండి. అర్థం కాకపోతే ఎవరితోనైనా చదివించుకోండి.

మా ఫీజు సంగతి నేను సర్దుకున్నాను. పక్క బిల్డింగులో ఉండే ఒకావిడ విషయం మాత్రం నన్ను నిలవనివ్వలేదు. ఒంటరి తల్లి. పొద్దున్నే ఆఫీసులు శుభ్రం చేసే పని, సాయంత్రం ఒక బేకరీలో. ఆవిడ కూతురూ మా అమ్మాయీ ఒకే తరగతి. ఒక రోజు మెట్ల మీద కనిపించి ఉత్తరం చేతిలో పెట్టి, ‘ఇది సరైనదేనా చూడు’ అంది. గరిష్ఠ ఫీజు వేశారు. మా ఇంటికన్నా ఎక్కువ! పాత ఇల్లు మారినప్పుడు ఫారం పాత అడ్రసుకి వెళ్ళింది, జవాబు రాలేదు కాబట్టి నిబంధన ప్రకారం పై స్లాబు. ఆదాయం చెప్పకపోయినా, రుజువు పెట్టకపోయినా గరిష్ఠ ఫీజు అని పట్టిక కింద ఒక వాక్యం ఉంటుంది. ఇది మా ఊరి ఒక్కదాని పద్ధతి కాదు, ఈ రాష్ట్రంలో చాలా ఊళ్ళ నిబంధనల్లో ఉంది. దాని ఉద్దేశం నాకు తెలుసు. పెద్ద జీతాలవాళ్ళు వివరాలు చెప్పడం ఇష్టం లేకపోతే గరిష్ఠం కట్టేసి ఊరుకోవచ్చు, ఆఫీసుకీ పని తగ్గుతుంది. కానీ అదే వాక్యం రెండు ఉద్యోగాల తల్లి దగ్గర ముక్కుపిండి వసూలు చేస్తోంది. ఆవిడ జీతానికి అసలు సున్నా ఫీజు పడాలి.

ఆవిడతో కలిసి ఆఫీసుకెళ్ళాను. కౌంటర్లో ఉన్న ఉద్యోగిని మంచిగానే మాట్లాడింది. ‘కాగితాలిస్తే మారుస్తాం. కానీ కాగితాలు ఇచ్చిన నెల నుంచే’ అంది. మరి గడిచిన నెలలు? ‘ఉపచట్టంలో అలాగే ఉంది, నేను మార్చలేను’ అని ఆ పేజీ తిప్పి చూపించింది. నిజమే, అలాగే ఉంది. ఆ గుమస్తా మీద కోపం తెచ్చుకుని లాభం లేదు. మారాల్సింది ఆవిడ ముందున్న కాగితం.

నేను ఆదాయ సర్టిఫికెట్ల ఇంట్లో పెరిగినదాన్ని. మా తమ్ముడి ఇంజినీరింగ్‌కి ఫీజు రీయింబర్స్‌మెంట్ రావాలని మా నాన్న కాకినాడలో తహసీల్దారు ఆఫీసు చుట్టూ తిరగడం చూశాను. ఆదాయ పరిమితికి ఒక వెయ్యి ఇటైతే ఫీజంతా వస్తుంది, అటైతే ఏమీ రాదు. ఆ వెయ్యి రూపాయలు ఎంతమంది చదువుల్ని అటూ ఇటూ చేశాయో మనకందరికీ తెలుసు. జర్మనీ పట్టికలో ఒక గోడకి బదులు చాలా మెట్లున్నాయి కాబట్టి ఇది మేలే. కానీ మెట్ల ఎత్తు కూడా చూడాలి కదా.

ఆ ఏడాది సెప్టెంబరులో తరగతి తల్లిదండ్రుల ప్రతినిధిగా నిలబడ్డాను. ఇక్కడ యూరోపియన్ యూనియన్ బయటి దేశాల పౌరులకి నగర ఎన్నికల్లో ఓటు లేదు. బడి తల్లిదండ్రుల సభలో మాత్రం పౌరసత్వం అడగరు, మన పిల్ల అక్కడ చదువుతుంటే చాలు. తరగతి నుంచి బడి సభకి, అక్కడి నుంచి అన్ని బడుల తల్లిదండ్రుల సంఘానికి వెళ్ళాను. అప్పటికే నగరం కొత్త పట్టిక తయారు చేసే పనిలో ఉంది. కారణం డబ్బు కొరత, దానితో పాటు అమల్లోకి రాబోయే ఒక చట్టం. 2021లో కేంద్రం ఒక చట్టం చేసింది. 2026 ఆగస్టు 1 నుంచి ఒకటో తరగతి పిల్లలకి బడి గంటలతో కలిపి రోజుకి 8 గంటల సంరక్షణ హక్కు అవుతుంది. ఏటా ఒక్కో తరగతి చేరుతూ 2029-30 నాటికి నాలుగు తరగతులకీ వస్తుంది. సీటు హక్కు అయింది గానీ, అది ఉచితమని ఆ చట్టం చెప్పలేదు. కాబట్టి ఫీజు ఎంతన్న ప్రశ్న ముందు ముందు ఇంకా ఎక్కువ ఇళ్ళకి వస్తుంది.

పాత పట్టిక తీసుకుని ఎక్సెల్‌లో గీసి చూశాను. ఆరు స్లాబులే. మధ్యలో ఒకచోట, ఏడాదికి 50,000 యూరోలు దాటగానే ఫీజు నెలకి 90 నుంచి 130కి ఎగురుతుంది. తల్లి పార్ట్‌టైమ్ చేస్తున్న ఇల్లు ఒకటి ఆ గీత దగ్గర ఉందనుకుందాం. ఆవిడకి నెలకి వంద యూరోలు జీతం పెరిగింది. ఇక్కడ భార్యాభర్తల్లో తక్కువ జీతం ఉన్నవాళ్ళు పన్ను క్లాసు ఐదులో ఉంటే ముందే కోత ఎక్కువ పడుతుంది. చేతికి యాభై చిల్లర వస్తుంది, ఏడాదికి దాదాపు 600. అందులో 40 చొప్పున పన్నెండు నెలలు, అంటే 480, ఫీజుకే పోతుంది. వేసవి సెలవుల్లో పిల్ల వెళ్ళకపోయినా ఫీజు పన్నెండు నెలలకీ కట్టాలి. ఇక ఆవిడ గంటలు పెంచుకుని ఏం లాభం? మా సంఘంలో ఒక తల్లి సరిగ్గా ఈ లెక్క వేసుకుని, ఆఫీసులో ఇస్తామన్న అదనపు గంటలు వద్దనేసింది. ఆడవాళ్ళు ఉద్యోగాలు చేసుకోవాలనే కదా ఈ ఏర్పాటు పెట్టారు! అదే ఆవిడని ఇంటికి నెట్టింది. నాకు ఈ మొత్తం వ్యవహారంలో అన్నిటికన్నా బాధ కలిగించింది ఇదే.

రెండో విషయం పై అంచు. రాష్ట్రం పెట్టిన గరిష్ఠ పరిమితి ఉంది కాబట్టి పట్టిక ఎక్కడో ఒకచోట ఆ పైకప్పుకి తగులుతుంది. మా ఊళ్ళో అది మధ్యతరగతి దగ్గరే తగిలేది. ఇద్దరు ఐటీ ఉద్యోగులు కట్టేదీ, ఇద్దరు పెద్ద డాక్టర్లు కట్టేదీ ఒకటే. పైవాళ్ళ దగ్గర ఇంకా తీసుకుందామన్నా నగరానికి అధికారం లేదు. చేయగలిగిందల్లా ఆ పైకప్పు తగిలేచోటుని ఇంకొంచెం పైకి జరపడం. అలా జరిపితే మధ్యవాళ్ళకి ఫీజు తగ్గుతుంది, నగరానికి రాబడి తగ్గుతుంది. రూర్ ఊళ్ళ సంగతి తెలిసిందే. బొగ్గు పోయింది, ఉక్కు తగ్గింది. ఇక్కడి చివరి బొగ్గు గని 2018 డిసెంబరులో మూతపడింది. చాలా నగరాలు అప్పుల్లో ఉన్నాయి, పై అధికారుల కంటికింద బడ్జెట్ నడుపుకుంటున్నాయి. ‘బాగుంది, ఆ తగ్గే రాబడి ఎక్కడి నుంచి తేవాలో కూడా మీరే చెప్పండి’ అని ఒక అధికారి మా సంఘాన్ని అడిగారు. ఆ ప్రశ్న న్యాయమైనదే. జవాబు లేకుండా మళ్ళీ వెళ్ళకూడదనుకున్నాం.

స్టాక్‌హోమ్‌లో ఉండే మా పిన్ని కొడుక్కి ఫోన్ చేశాను. స్వీడన్‌లో బడి తర్వాత పిల్లల్ని చూసుకునే ఫ్రీటిడ్స్ కూడా నగరాలవే. అక్కడ స్లాబులు లేవు. ఇంటి నెల ఆదాయంలో మొదటి పిల్లకి 2 శాతం, రెండో పిల్లకి 1 శాతం, మూడో పిల్లకి 1 శాతం, నాలుగో పిల్ల నుంచి ఏమీ లేదు. 2002లో దేశమంతటికీ ఈ గరిష్ఠ ఫీజు పద్ధతి తెచ్చారు. దానికి ముందు అక్కడా ఊరికో ఫీజు ఉండేది. ఆదాయానికి కూడా ఒక పైకప్పు ఉంది కాబట్టి 2024లో మొదటి పిల్లకి ఎంత ధనవంతులైనా నెలకి 1,125 క్రోనాలు దాటదు, అంటే సుమారు వంద యూరోలు. ‘మా దగ్గర జీతం వంద పెరిగితే ఫీజు రెండు పెరుగుతుందక్కా, అంతే. ఎవరూ దీని గురించి మాట్లాడుకోరు’ అన్నాడు. ఆ ‘ఎవరూ మాట్లాడుకోరు’ అన్న మాట విన్నప్పుడు అసూయగా అనిపించింది. అయితే అక్కడ ఒకే కప్పు కింద ఉండేవాళ్ళందరి ఆదాయమూ కలుపుతారట, పిల్లకి తండ్రి కానివాడు తల్లితో ఉంటున్నా సరే. ఏ దేశం లెక్కలో ఆ దేశం చిక్కులుంటాయి.

శాతం పద్ధతి అడుగుదామని సంఘంలో ప్రతిపాదించాను. అక్కడే అసలు వాదన మొదలైంది. ఒక తండ్రి, బాగా చదువుకున్నవాడు, లేచి ‘ఎక్కువ సంపాదిస్తే ఎక్కువ పన్ను ఇప్పటికే కడుతున్నాం. మళ్ళీ ఫీజులో కూడా ఎక్కువ అంటే ఒకే తప్పుకి రెండు శిక్షలా?’ అన్నాడు. కొంతమంది బల్లలు చరిచారు. ఆయన మాటలో నిజం లేకపోలేదు. బెర్లిన్‌లో 2019 నుంచి ఒకటి, రెండు తరగతులకి ఈ ఫీజే లేదు, అందరి పన్నుల్లోంచే నడుస్తుంది. అదే అన్నిటికన్నా మంచి పద్ధతి అని నేనూ నమ్ముతాను. కానీ మా ఊరి ఖజానాలో అంత డబ్బు లేనప్పుడు మిగిలేవి రెండే దారులు. అందరికీ ఒకే ఫీజు, లేదా ఆదాయాన్ని బట్టి ఫీజు. అందరికీ ఒకటే అంటే బేకరీలో పనిచేసే తల్లి కట్టలేదు. పిల్లని తీసేస్తుంది.

ఆయనకి చూపించడానికి నాకొక తీర్పు దొరికింది. 1998 మార్చి 10న జర్మనీ రాజ్యాంగ న్యాయస్థానం కిండర్‌గార్టెన్ ఫీజుల మీద ఇచ్చినది. ఆదాయాన్ని బట్టి ఫీజు వేయడం రాజ్యాంగ విరుద్ధం కాదని చెప్పింది. గరిష్ఠ ఫీజు కట్టేవాళ్ళు కూడా తమ పిల్లకయ్యే అసలు ఖర్చంతా కట్టనంతవరకూ, వాళ్ళు పక్కవాళ్ళ పిల్లల ఖర్చు మోస్తున్నారనడానికి వీల్లేదన్నది అందులోని సారం. అంటే పై స్లాబుల్లో ఉన్న మాకు కూడా నగరం, రాష్ట్రం సాయం చేస్తూనే ఉన్నాయి. అది చదివి వినిపించాక ఆ తండ్రి ఒప్పుకోలేదు గానీ, ‘మరి పన్నులో మినహాయింపు సంగతి?’ అన్నాడు. దానికీ లెక్క ఉంది. పిల్లల సంరక్షణ ఖర్చులో కొంత భాగాన్ని ఆదాయపు పన్ను లెక్కలో చూపించి తగ్గించుకోవచ్చు. 2025 నుంచి ఖర్చులో 80 శాతం, ఒక్కో పిల్లకి ఏడాదికి 4,800 యూరోల దాకా. అంతకుముందు మూడింట రెండొంతులు, 4,000 దాకా ఉండేది. భోజనం ఖర్చు అందులోకి రాదు, డబ్బు బ్యాంకు ద్వారానే కట్టి ఉండాలి. ఈ మినహాయింపు వల్ల లాభం పన్ను ఎక్కువ కట్టేవాళ్ళకే ఎక్కువ. పన్ను పరిధిలోకే రాని తల్లికి ఒక్క యూరో కూడా రాదు. పట్టిక మీద కనిపించే 200కీ 90కీ మధ్య తేడా, ఏడాది చివర పన్ను తిరిగొచ్చాక అంత ఉండదు. ఈ మాట చెప్పాక బల్లలు చరచడం ఆగింది.

చివరికి శాతం పద్ధతి మా సంఘంలో నెగ్గలేదు. అధికారులు కూడా దానికి సాఫ్ట్‌వేర్ లేదన్నారు. నాకు ఇప్పటికీ అది బలహీనమైన కారణమే అనిపిస్తుంది. రెండు శాతం లెక్కేయడానికి ఏ సాఫ్ట్‌వేర్ కావాలి? అయినా రాజీ పడ్డాం. స్లాబులు పెంచి, ఒక్కో మెట్టు ఎత్తు నెలకి పదిహేను యూరోలు మించకుండా చూడమని అడిగాం. ఫీజు లేని కింది గీతని పైకి జరపమన్నాం. ఏడాది మధ్యలో ఉద్యోగం పోయినా, గంటలు తగ్గినా ఆ నెల నుంచే కొత్త లెక్క వేయమన్నాం. ఫారం ఆలస్యమైతే నేరుగా గరిష్ఠం వేయకుండా ముందు గుర్తుచేస్తూ ఒక ఉత్తరం పంపమనీ, తర్వాత కాగితాలిస్తే వెనకటి నెలలకి కూడా సరిచేయమనీ అడిగాం.

రాబడి ఎక్కడి నుంచి అన్న ప్రశ్నకి మేమిచ్చిన జవాబు రెండో పిల్ల ఫీజు. అప్పటికి మా ఊళ్ళో రెండో పిల్లకి ఎవరికైనా పూర్తిగా ఉచితం, ఎంత సంపాదించే ఇల్లైనా సరే. పై రెండు స్లాబుల్లో ఉన్నవాళ్ళు రెండో పిల్లకి నాలుగో వంతు కట్టొచ్చు అని రాశాం. మాకూ ఇద్దరు పిల్లలు, మా చిన్నవాడు వచ్చే ఏడాది బడికి వస్తాడు. మా ఆయన ఆ కాగితం చదివి ‘మన మీద మనమే వేసుకుంటున్నామా?’ అన్నాడు. అవునన్నాను. కాసేపు ఆలోచించి, ‘సరే, మనం కట్టగలం’ అన్నాడు. సంఘంలో ఈ ఒక్క అంశం మీదే ఇద్దరు రాజీనామా చేశారు. వాళ్ళని తప్పుపట్టను. వాళ్ళ ఇంటి అద్దె ఎంతో, బాకీలు ఎన్నో పట్టికకి తెలియదు.

నగర కౌన్సిల్ కమిటీ సమావేశం టౌన్ హాల్లో సాయంత్రం పెట్టారు. ఓటు లేకపోయినా ఊళ్ళో నివాసం ఉన్న ఎవరైనా మొదట్లో ప్రశ్న అడగొచ్చు. నా జర్మన్ మరీ అంత గొప్పది కాదు, టెన్షన్‌గానే ఉంది. రాసుకున్న కాగితంలో ఒకే ఒక్క ఇంటి లెక్క పెట్టుకున్నాను: వంద యూరోలు జీతం పెరిగితే చేతిలో ఎంత మిగులుతుంది, ఫీజుకి ఎంత పోతుంది. పేర్లు లేవు, ఆవేశం లేదు, అంకెలు మాత్రమే. చదవడం అయిపోయాక ఒక పెద్దావిడ, ఏ పార్టీయో గుర్తులేదు, ఆ కాగితం కాపీ అడిగి తీసుకుంది. అధికారుల వైపు తిరిగి ‘ఈ లెక్క తప్పా?’ అని అడిగింది. తప్పు కాదన్నారు. ఆ తర్వాత మా గురించి కాకుండా ఆ లెక్క గురించే మాట్లాడుకున్నారు.

కౌన్సిల్ కొత్త పట్టిక ఆమోదించింది. 2024 ఆగస్టులో, కొత్త విద్యా సంవత్సరంతో అమల్లోకి వచ్చింది. స్లాబులు రెట్టింపయ్యాయి, మెట్లు చిన్నవయ్యాయి, అన్నీ పదిహేను లోపు కాకపోయినా పాత నలభై లేదు. ఫీజు లేని గీత పైకి జరిగింది. సామాజిక సాయం, ఇంటి అద్దె సాయం తీసుకునేవాళ్ళకి ఏ ఫీజూ లేదని స్పష్టంగా రాశారు. వాళ్ళ పిల్లల భోజనానికి 2019 ఆగస్టు నుంచే కేంద్రం పథకంలో డబ్బు కట్టనక్కర్లేదు, ఇంటి అద్దె సాయం తీసుకునేవాళ్ళు దానికి వేరే దరఖాస్తు పెట్టుకోవాలి. తెలియక కట్టేస్తున్నవాళ్ళు ఇంకా ఉన్నారు. పై స్లాబుల్లో రెండో పిల్లకి నాలుగో వంతు కూడా వచ్చింది. గుర్తుచేసే ఉత్తరం ఇప్పుడు జర్మన్‌తో పాటు టర్కిష్, అరబిక్, ఇంగ్లిషుల్లో వస్తుంది.

వెనకటి నెలల సవరణ పూర్తిగా రాలేదు. మూడు నెలలకి మాత్రమే ఒప్పుకున్నారు. పక్క బిల్డింగు ఆవిడకి ఆ కొత్త నిబంధన వర్తించలేదు, ఎందుకంటే ఆవిడ కేసు పాతది. బాకీని నెలకి ఇరవై చొప్పున వాయిదాలు చేయించగలిగాం. అది ఆవిడ ఇంకా కడుతూనే ఉంది. సున్నా పడాల్సిన ఇంటి నుంచి ఆ డబ్బు తీసుకోవడం తప్పే అని నేను ఆ ఆఫీసులో ప్రతిసారీ చెబుతూనే ఉన్నాను. రద్దు చేయమని ఆవిడ పేరుతో ఒక విజ్ఞాపన కూడా పెట్టాం.

మనవాళ్ళలో ఈ ఫారం కొత్తగా నింపేవాళ్ళు ఈమధ్య నాకు ఫోన్ చేస్తుంటారు. ఎక్కువమంది అడిగేది ‘తక్కువ రాస్తే ఏమవుతుంది?’ అని. తర్వాత మొత్తం కట్టాల్సి వస్తుంది, అంతే. నేను చెప్పేది ఇంకొకటి. జీతం పెరిగితే చెప్పండి, తగ్గితే అంతకన్నా ముందు చెప్పండి. గత నెలలో మన తెలుగబ్బాయి ఒకతనికి కంపెనీలో ఉద్యోగం పోయింది. సిగ్గుపడి ఎవరికీ చెప్పలేదు, పాత జీతం మీదే ఫీజు కడుతున్నాడు. భార్య నాకు చెప్పింది. ఆ రోజు సాయంత్రమే కూర్చుని ఇద్దరం దరఖాస్తు రాశాం. నిరుద్యోగ భృతి కాగితం జత చేసి, అంచనా ఆదాయం వేసి పంపాం. కొత్త ఉత్తర్వులో వాళ్ళ ఫీజు మూడో వంతుకి తగ్గింది.

ఇక చిన్నపిల్లల సంగతి ఒకటి మిగిలి ఉంది. చిన్నవాళ్ళు ఉచిత కిండర్‌గార్టెన్ ఏళ్ళలో ఉన్నప్పుడు, బడిలో ఉన్న పెద్దవాళ్ళని మొదటి పిల్లగా లెక్కేయాలా, రెండో పిల్లగానా? కొన్ని ఊళ్ళు ఒకలా, కొన్ని ఇంకోలా చేస్తున్నాయి. మా ఊళ్ళో ఇంకా పెద్దవాళ్ళని మొదటి పిల్లగానే లెక్కేసి ఫీజు వేస్తున్నారు. ఆ ప్రశ్న రాసి సంఘం తరఫున కమిటీకి ఇచ్చాం, వచ్చే సమావేశం ఎజెండాలో పెట్టారు.